పటం గీసేవాడి దగ్గర దాచిన చిరునామా

"తాతా, గన్నేండ్లు సర్కారీ నౌకరీ జేస్తివి గదా, ఏదన్న బడా కామ్ జేసినవా?" అని మొన్న మన చాల్ కుర్రాళ్ళు మీరే అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. పెద్ద పనా, పాడా! ఫైళ్ళ దారాలు విప్పాను, కట్టాను. ఎస్టాబ్లిష్‌మెంటు గుమస్తా అంటే అంతే. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు ఎన్నాళ్ళు సెలవు పెట్టారు, ఎవరు ఎప్పుడు రిటైరవుతారు, ఇదే నా లోకం. నేను చేసిన మంచి పనులేవీ నాకే గుర్తు లేవు. చెడగొట్టిన పని మాత్రం ఒకటి బాగా గుర్తుంది. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్నారు కాబట్టి మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

అప్పట్లో నేను పనిచేసిన ఆఫీసు పాత బిల్డింగుల మరమ్మతులు చూసేది. ఎనభైల నడుమ అనుకోండి. బొంబాయి కామాఠిపురాలో మన తెలుగువాళ్ళుండే గల్లీల్లో, గదికో కుటుంబం చొప్పున ఉండే చాళ్ళన్నీ అప్పటికే ముసలివైపోయాయి. మేమున్న చాల్‌నైతే కింద నుంచి పై అంతస్తు దాకా దుంగలు ఆనించి నిలబెట్టారు. వానాకాలం రాత్రుళ్ళు ఆ దుంగలు మూలిగేవి. అలవాటైపోయి మా పిల్లలు ఆ చప్పుడుకు లేచేవాళ్ళు కూడా కాదు.

ఒక్కో చాల్‌ను విడిగా చూడకుండా గల్లీలన్నిటికీ కలిపి ఒక ప్లాను వేయాలని, ఉన్నవాళ్ళను ఉన్నచోటే ఉంచి తిరిగి కట్టాలని ఆ ఏడు పైవాళ్ళు నిర్ణయించారు. దానికోసం రెండు టౌన్ ప్లానర్ పోస్టులు మంజూరయ్యాయి. అయితే ఒక మెలిక పెట్టారు. మార్చి నెలాఖరు సాయంత్రం ఆఫీసు మూసేసరికి కనీసం ఒక్కరైనా చేరి పనిలో ఉండకపోతే పోస్టులు రద్దు. పోస్టులు పోతే ప్లాను అటకెక్కినట్టే. ఇక పాత పద్ధతే. ఏ చాల్ ప్రమాదంలో ఉందంటే దాన్ని ఖాళీ చేయించి, మనుషుల్ని ఊరి చివరి ట్రాన్సిట్ క్యాంపులో పడేస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చిన దాఖలా నేనైతే చూడలేదు. ఖాళీ చేయించాల్సిన జాబితాలో మా చాల్‌దే మొదటి పేరు. ఆ జాబితా టైపు చేసింది కూడా నేనే.

క్యాంపులో ఇచ్చే ఒంటిగది ఖోలీ కొంచెం పెద్దదే ఉంటుంది. కానీ మనవాళ్ళ బతుకు ఖోలీలో ఎక్కడుంది? గల్లీ చివర నాకాలో ఉంది. తెల్లవారక ముందే తాపీలు, తట్టలు పట్టుకుని నాకా దగ్గర నిలబడితేనే ఆ పూట పని. ఏడింటికల్లా మేస్త్రీలు మనుషుల్ని ఏరుకుని వెళ్ళిపోతారు. ఊరి చివరి నుంచి రెండు రైళ్ళు మారి వచ్చేవాడికి అక్కడ కాకులు తప్ప ఎవరూ కనబడరు.

ఇక్కడే తమాషా చూడండి. పాలమూరు నుంచి వచ్చిన మన తాతలు ఈ నగరంలో రాళ్ళు మోయని వీధి లేదు. నేను చెప్పే రోజుల్లో కూడా గోడ కట్టే మనిషి కావాలంటే మా గల్లీలో గుమ్మానికి ఇద్దరు దొరికేవారు. ఊరిని కాగితం మీద గీయడం చదివినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మనలోనే కాదు, బొంబాయి మొత్తంలోనే వాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఆ కొద్దిమందిని సముద్రపు ఖాడీ అవతల కడుతున్న కొత్త నగరం లాగేసుకుంది, మిగిలినవాళ్ళు గల్ఫ్ ఎక్కారు. పేపర్లో రెండుసార్లు ప్రకటన వేస్తే మాకు వచ్చిన అర్జీలు మూడు. ఒకరు డ్రాఫ్ట్స్‌మన్, ఇంకొకరు రిటైరై పదేళ్ళయినాయన, మూడో ఆయన వాస్తు చెబుతాడట.

పైగా మాకు తెలుగు వచ్చిన మనిషి కావాలి. అంతకు ముందు మరాఠీ ఫారాలు పట్టుకుని సర్వేవాళ్ళు వస్తే మనవాళ్ళు తలుపు సగమే తీశారు. పన్నెండు మంది పడుకునే ఖోలీలో నలుగురమే ఉన్నామన్నారు. నిజం చెబితే ఎవరిని బయటికి పంపుతారోనని భయం. ఆ లెక్కతో ప్లాను వేస్తే సగం గల్లీకి ఇల్లుండదు. అందుకని మా సాహెబ్ హైదరాబాద్ వెళ్ళి ఇంటర్వ్యూలు పెడదామన్నాడు. ఆయన సాతారా వైపు మనిషి, నిదానస్తుడు, సంతకం పెట్టేముందు కలాన్ని రెండుసార్లు విదిలించే అలవాటు. ప్రకటన రాసే పని, ఉత్తరాలు నడిపే పని తెలుగువాణ్ణి కాబట్టి నాకప్పగించాడు.

ప్రకటనలో పనిచేసే చోటు ఏదో రాయాలి. సైటు ఆఫీసు మా గల్లీలోనే, మా చాల్‌కు నాలుగు గుమ్మాల అవతల. నేను మాత్రం పక్క పేట పేరు తెచ్చి "నాగ్‌పాడా, బొంబాయి సెంట్రల్ స్టేషనుకు దగ్గర" అని రాశాను.

మీ తరానికి ఇది వింతగా ఉండొచ్చు. మాకది ఊపిరి పీల్చినంత మామూలు. బడి ఫారంలో నాగ్‌పాడా, నౌకరీ అర్జీలో నాగ్‌పాడా, శుభలేఖలో నాగ్‌పాడా. మా చెల్లెలికి సంబంధం వచ్చినప్పుడు పెళ్ళివారిని ఫాక్‌లాండ్ రోడ్డు వైపు రానీయకుండా నాగ్‌పాడా సందుల్లో ముప్పావుగంట తిప్పి తీసుకొచ్చాం. పాపం, పెళ్ళికొడుకు మేనమామకు కాళ్ళు వాచాయి. ఎందుకు దాచేవాళ్ళమో మీకు తెలుసు. నాలుగు గల్లీల అవతల, ఫాక్‌లాండ్ రోడ్డు వైపు గుమ్మాల్లో మగవాళ్ళ కోసం కూర్చునే ఆడవాళ్ళ వల్ల ఊరంతా ఆ పేరు వినగానే ముసిముసిగా నవ్వేది. నిజానికి ఆ పేరు మనదే. కామాఠీలంటే మన్నూ సున్నమూ మోసిన మన తాతలే. మన పేరు పెట్టిన చోటును మనమే నోరారా చెప్పుకోలేకపోయాం.

సాహెబ్ కాగితం చూసి, నాగ్‌పాడా ఎందుకు రాశావని అడిగాడు. "ఉన్న పేరు రాస్తే ఒక్కడూ రాడు సాహెబ్" అన్నాను. ఆయన నవ్వి, కలం రెండుసార్లు విదిలించి సంతకం పెట్టాడు.

హైదరాబాద్‌లో ఏడుగురు వచ్చారు. సాహెబ్‌కు అందరికంటే ఎక్కువ నచ్చింది ఒక అమ్మాయి. పాతబస్తీ గల్లీలను తనే అడుగులు లెక్కపెట్టి కొలిచి పటం గీసిందట, దాన్ని బల్ల మీద పరిచి ఎక్కడ ఎంతమందికి ఒక నల్లా ఉందో వేలితో చూపించింది. సాహెబ్ ఆమె పేరు ముందు ఒకటి అంకె వేయబోతుండగా నేను ఆయన చెవి దగ్గర వంగి, "లేడీస్‌కు ఆ ఏరియా మంచిది కాదు సాహెబ్" అన్నాను. ఆయన కలం ఆగింది. ఆమె మూడో స్థానానికి దిగింది. ఉన్నవి రెండు పోస్టులే. ఆ మాట అన్నందుకు అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. పైగా మేలు చేశాననుకున్నాను.

మొదటి స్థానం నిజామాబాద్ వైపు కుర్రాడికి దక్కింది. నెమ్మదైన మనిషి, కొత్తగా పెళ్ళయింది. బయటికి వచ్చాక నన్నడిగాడు.

"ఆఫీసు చుట్టుపక్కల ఫ్యామిలీలుంటాయాండీ? మా ఆవిడ ఒక్కతే ఉండాలి కదా."

"మా అమ్మ అక్కడే ఉంటదండీ" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నిజం కూడా లేదు.

రెండో ఆయన వేరే ఉద్యోగం దొరికిందని కార్డు ముక్క రాసేశాడు. మొదటాయన భార్యతో సహా ఫిబ్రవరిలో వచ్చాడు. వర్లిలో మనవాళ్ళ చాల్‌లో ఒక ఖోలీ మాట్లాడి పెట్టాను. మొదటి రెండు రోజులు కాగితాల పని ఉందని పెద్దాఫీసులోనే కూర్చోబెట్టాను. మూడో రోజు సైటు ఆఫీసుకు నాగ్‌పాడా వైపు నుంచి, ఇనుప కార్ఖానాల వెనక సందులో నుంచి తీసుకొచ్చాను. ఆయన తలెత్తి బోర్డులు చదవకుండా దారి పొడవునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వాలకం.

పదకొండు గంటలకు పెద్దాఫీసు నుంచి ప్యూన్ పటాల చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన ముడి విప్పి మొదటి పటం పరిచి, నాలుగు మూలలా నాలుగు పేపర్‌వెయిట్లు పెట్టాడు. పైన పెద్ద అక్షరాలతో కామాఠిపురా అని ఉంది. ప్రతి గల్లీకి నంబరుంది, ప్రతి చాల్‌కు గీత ఉంది. మేం కూర్చున్న గది కూడా ఉంది.

చూశారా నా తెలివి! ఊరి పేరును పెళ్ళివారి దగ్గర దాచాను, బడిలో దాచాను. పటాలు గీయడమే చదువైన మనిషి దగ్గర కూడా దాచగలననుకున్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది మూడు రోజులు కూడా అతకలేదు.

ఆయన వేలు మా గల్లీ మీద ఆగింది. తలెత్తి అడిగాడు.

"ఈ చోటు గురించి మీకు ముందే తెలుసా?"

"నేను పుట్టిందే ఇక్కడండీ."

"ఇక్కడే పుట్టారా!" అని మళ్ళీ పటం వైపు చూశాడు. కోపగించుకోలేదు, గొంతు పెంచలేదు. పటాన్ని జాగ్రత్తగా చుట్టి దారం కట్టాడు. రెండు రోజుల తర్వాత రాజీనామా ఇచ్చాడు.

గల్లీ అంతా ప్లానర్ వచ్చాడని సంబరపడుతున్న రోజులవి. ఎందుకు వెళ్ళిపోతున్నాడని మెట్ల మీద ఆడవాళ్ళు నన్ను నిలదీశారు. "మన చోటు ఆయనకు నచ్చలేదు, పెద్దింటి వాళ్ళు" అని చెప్పేశాను. అప్పుడు నేను నిజంగా అదే అనుకున్నాను కూడా. వెళ్ళే రోజు కొలత సామాను అప్పగించడానికి ఆయన సైటు ఆఫీసుకు వచ్చాడు. టాక్సీ గల్లీ మొదట్లో ఆగింది. ఆయన భార్య ట్రంకు పెట్టె పక్కన నిలబడింది. మిట్టమధ్యాహ్నం. మెట్ల మీద నుంచి ఒకామె గట్టిగా అంది.

"దొరసానికి మన గాలి పడ్తలేదంట! పోనీయుండ్రి, పోనీయుండ్రి."

అందరూ నవ్వారు. ఆ పిల్ల తల వంచుకుంది. నేను రసీదు రాస్తూ కిటికీలో నుంచి చూస్తూ ఊరుకున్నాను.

మార్చి మొదటి వారం దాటింది. సాహెబ్ నన్ను పిలిచి, ఎప్పుడూ లేనిది గొంతు పెంచాడు. "అరే బాబా, ఇది నీ ఇంటి పని కదా! నీ గల్లీ కోసం మనిషిని నిలబెట్టలేకపోయావా?" అన్నాడు. తర్వాత తనే తగ్గి, జాబితాలో మూడో స్థానంలో ఉన్న అమ్మాయికి రాయమన్నాడు. సరేనన్నాను, అమ్మతో కూడా చెప్పాను, కానీ నాలుగు రోజులు కలం కదలలేదు. ఏమని రాయాలి? మళ్ళీ నాగ్‌పాడా అని రాస్తే ఆమె కూడా పటం విప్పుతుంది. ఉన్నది రాస్తే అసలు బయల్దేరదు. అన్నం సహించేది కాదు. వానలు లేకపోయినా ఆ రాత్రుళ్ళు నాకు దుంగల మూలుగు వినిపించేది.

మా అమ్మ కనిపెట్టింది. చిన్నప్పటి నుంచి తట్ట మోసిన మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉండేది. చదువు లేదు కానీ మనిషి ముఖం చదివేది. బియ్యం ఏరుతూ అడిగింది.

"ఏమైందిరా? పోరిని పిలువనీకి గింత సోచాయిస్తున్నవ్?"

"ఏం రాయాలె అమ్మా? ఈ చోటు పేరు జెప్తే ఎవలొస్తరు?"

అమ్మ చేట కింద పెట్టింది.

"మీ తాత ముకద్దం. పాలమూరు కెల్లి కూలోల్లను గుంపులు గుంపులు తెచ్చెటోడు. ఊళ్ళకు పోయి ముందుగాల ఏం జెప్పెటోడో ఎరుకేనా? కష్టం జెప్పెటోడు. నీళ్ళు ఏడికెల్లి మొయ్యాలె, పండనీకి ఎంత జాగ, కిందటేడు ఎవలు పడి సచ్చిండ్రు, అన్ని వాళ్ళ గడపలనే నిలబడి జెప్పెటోడు. గది ఇన్నంక గూడ మూట గట్టినోన్నే తెచ్చెటోడు. తీపి మాటలు జెప్పి తెచ్చిన ముకద్దంల మంది మూడో దినమే పారిపోతుండె. మీ తాత తెచ్చినోళ్ళు ఒక్కలు పోలే."

'మూడో దినం' అన్న అమ్మ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మనుషుల్ని దూరం నుంచి రప్పించే విద్య మా ఇంట్లోనే ఉంది. నేను ఆఫీసు మాన్యువల్లో వెతికాను.

ఆ రోజే ఉత్తరం రాశాను. ఆఫీసు కాగితం మీద కాదు, తెల్ల కాగితం మీద. చోటు పేరు మొదటి వాక్యంలోనే పెట్టాను. ఆ పేరుకు లోకం చెప్పుకునే అర్థం రాశాను, మా గల్లీ నుంచి ఆ గల్లీలు ఎంత దూరమో రాశాను. పొద్దున పోయేటప్పుడూ సాయంత్రం వచ్చేటప్పుడూ మగవాళ్ళు తేరిపార చూస్తారనీ, నల్లా పొద్దున కొద్దిసేపే వస్తుందనీ, పాయఖానా దగ్గర వరస ఉంటుందనీ, సైటు ఆఫీసు పైకప్పు కారుతుందనీ రాశాను. మనవాళ్ళు మొదట నిజం చెప్పరనీ, అందుకు భయమే కారణమనీ రాశాను. ముందు చేరినాయనకు ఇవన్నీ దాచాననీ, అందుకే ఆయన వెళ్ళిపోయాడనీ రాశాను. ఇంత చదివాక కూడా రావాలనిపిస్తే ఫలానా తేదీ సాయంత్రం లోగా చేరాలని, చేరకపోతే ఏమవుతుందో చివర రెండు ముక్కలు రాశాను. అలాంటి ఉత్తరం నేను నా జీవితంలో రాయలేదు. డబ్బాలో వేశాక వెనక్కి తీసుకోవాలనిపించింది.

రెండు వారాలు జవాబు లేదు. నెలాఖరుకు మూడు రోజుల ముందు టెలిగ్రాం వచ్చింది. వస్తున్నాను, నడిచి చూశాకే సంతకం అని ఉంది.

గడువు రోజునే దిగింది. బండి నాలుగు గంటలు ఆలస్యం. దాదర్ ప్లాట్‌ఫారం మీద నేను గడియారం చూసినన్నిసార్లు స్టేషన్ మాస్టరు కూడా చూసి ఉండడు. ఆమె ఒక సంచి, ఒక పొడుగాటి పటాల డబ్బా పట్టుకుని దిగినప్పుడు ఒంటిగంటన్నర. టాక్సీ ఎక్కాక, "ఏ వైపు నుంచి తీసుకెళ్తారు?" అని అడిగింది.

"ఫాక్‌లాండ్ రోడ్డు నుంచే" అన్నాను.

రోడ్డు మొదట్లో దిగి నడిచాం. నేను ఏదీ దాటేయలేదు. ఇది ఇదీ, అది అదీ అని చెప్పుకుంటూ పోయాను. ఆమె పెదాలు కదులుతున్నాయి. నాకు భయమేసింది, తర్వాత అర్థమైంది, అడుగులు లెక్కపెడుతోంది. గుమ్మాల్లో ఆడవాళ్ళు ఆమెను వింతగా చూశారు. ఒకామె నవ్వితే ఈమె కూడా నవ్వింది. మా గల్లీ మలుపు దగ్గర ఆగి నోట్‌బుక్కులో అంకె వేసుకుంది. అప్పుడడిగింది.

"ఇంటర్వ్యూలో సార్ నా పేరు ముందు ఒకటి వేయబోయి ఆగారు. నేను చూశాను. మీరు ఏం చెప్పారు?"

ఆ రోజు చివరి రోజు. నిజం చెబితే వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. కానీ ఉత్తరంలో అంత రాసి, ఇంత దూరం రప్పించి, మలుపు దగ్గర మళ్ళీ నాగ్‌పాడా సందుల్లో తిప్పలేను కదా. చెప్పాను.

ఆమె ముఖం ఎర్రబడింది.

"మీ అమ్మగారు ఇక్కడ ఉండొచ్చు, మీ ఆవిడ ఉండొచ్చు, నేను మాత్రం పని చేయకూడదా? మీరు నా గురించి సార్‌తో అన్నది, ఊరివాళ్ళు మీ గల్లీ గురించి అనేది, రెండూ ఒకటే కదండీ."

తప్పయిందని కూడా చెప్పలేకపోయాను. ఆమె సంచి భుజానికి తగిలించుకుని, "పదండి, మీ చాల్ చూపించండి" అంది.

దుంగల మధ్య నుంచి వంగి మెట్లెక్కాం. అమ్మ చాయ్ పెట్టింది. ఆమె చాప మీద కూర్చుని గోడల పగుళ్ళు చూసింది, చాయ్ తాగింది, తర్వాత నోట్‌బుక్కు మూసి పక్కన పెట్టి అడిగింది.

"అమ్మా, వేరే చోట ఇంతకంటే పెద్ద ఖోలీ ఇస్తే పోతారా?"

"పెద్దగుంటే ఏం జేస్త బిడ్డా? ఉట్టిగ పండనీకేనా? పొద్దుగాల మా సిన్నోడు నాకాకు ఎట్ల వస్తడు? గాడికెల్లి వచ్చేవరకు పని ఒడుస్తది. ఈడ గోడ కూలుతదని భయమే, గాడ పొయ్యి ఆరుతదని భయం. గోడకైతే దుంగ పెట్టిన్రు, పొయ్యికి ఏం పెడ్తరు?"

ఆమె ఖాళీ గ్లాసు కింద పెట్టింది. మళ్ళీ అడిగింది.

"ఈ ఖోలీలో ఎంతమంది పడుకుంటారమ్మా?"

అమ్మ నా వైపు చూసింది. మొదటి సర్వేలో నలుగురమని రాయించింది అమ్మే.

"తొమ్మిది మందిమి" అంది. "నా ఇద్దరు కొడుకులు, కోడండ్లు, పిల్లలు. ఒకల్ల మీద ఒకలం పంటం. రాసుకో."

ఆమె నోట్‌బుక్కు తెరిచి రాసుకుంది.

పెద్దాఫీసుకు చేరేసరికి ఐదుకు పది నిమిషాలు తక్కువ. సాహెబ్ బల్ల ముందు నిలబడే ఉన్నాడు. ఫారం ముందే టైపు చేసి పెట్టాను. ఆమె మొత్తం చదివి, కలం అడిగింది. సాహెబ్ తన కలమే ఇచ్చాడు, అలవాటుగా రెండుసార్లు విదిలించి మరీ. ఆమె సంతకం పెడుతుంటే నాకు కళ్ళు మసకబారాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను, వరండాలోకి వెళ్ళి ఏడ్చాను.

తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఆ సాయంత్రం గురించి ఇంకొంచెం ఉంది. ఆమె నాలుగేళ్ళు పనిచేసింది. ఖోలీ ఖోలీకి వెళ్ళి తలలు లెక్కపెట్టింది. ప్లాను తయారైంది. కాగితం మీద గల్లీలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, కట్టింది మాత్రం ఆరు చాళ్ళే. మిగతావి ఏ బల్ల కింద ఆగాయో నాకు తెలుసు, చెప్పి లాభం లేదు. ఆ ఆరింట్లో మాది ఒకటి. అమ్మ పాత మెట్లున్న చోటే కొత్త మెట్లెక్కింది. తమ్ముడు ఒక్క రోజు కూడా నాకా తప్పలేదు. నేను సాధించానని చెప్పుకోను. మా తాత విద్య, ఆ అమ్మాయి ఓపిక. ఇంకొకరి మంచితనం కూడా ఉంది. అది నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

సంతకమయ్యాక ఆమె వరండాలోకి వచ్చింది. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి, అటు తిరిగి నిలబడి చెప్పింది.

"మీ దగ్గర రాజీనామా ఇచ్చినాయన కాలేజీలో నాకు సీనియర్. మీ ఉత్తరం రాగానే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. రెండుసార్లు చదివాడు. 'ఈ ఉత్తరం నాకు రాసుంటే నేనక్కడే ఉండేవాణ్ణి' అన్నాడు."

నేను ఆమె వైపు తిరిగాను.

"చోటు చూసి భయపడలేదట. 'పుట్టిన చోటు పేరే దాచినవాడు రేపు ఇంటింటి లెక్కలు నాకు నిజం చెబుతాడా? తప్పు లెక్కతో ప్లాను గీస్తే ఆ ఇళ్ళు పోతాయి కదా' అని భయపడ్డాడట. నేను రావాలా వద్దా అని పది రోజులు ఊగిసలాడాను. వెళ్ళమని చెప్పింది ఆయనే. రైలెక్కించిందీ ఆయన భార్యే."

ఆ రోజు నేను గల్లీకి వెళ్ళేసరికి వార్త నాకంటే ముందే చేరింది. మెట్ల మీద ఆడవాళ్ళు, నాకా నుంచి వచ్చిన మగవాళ్ళు, అందరూ పోగయ్యారు. ఎవరో బత్తాసలు పంచుతున్నారు. నా నోట్లో కూడా ఒకటి పెట్టారు. అంతకుముందు దొరసానిని ఎగతాళి చేసినామే చేతులు తిప్పుతూ అంది.

"బిడ్డంటే గీ బిడ్డ! మొదటోడు ఉన్నడు సూడు, బద్మాష్, మన గల్లీ మొకం జూసి ఉరికిండు."

అందరూ అవునవునన్నారు. ఊరుకుంటే అయిపోయేది. ఆయన ఎక్కడో ఉన్నాడు, నేనిక్కడున్నాను, అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. కానీ నోట్లో బత్తాస కరగడం లేదు. బయటికి తీసి చేతిలో పట్టుకుని చెప్పాను. ఆయన మన గల్లీ చూసి పోలేదని, నేను ఆయనతో అబద్ధమాడితే పోయాడని, మీతో కూడా అబద్ధమే చెప్పానని, ఈ అమ్మాయిని పంపింది ఆయనేనని, మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల చూశాను.

బత్తాసలు పంచే చేయి ఆగిపోయింది. ఎగతాళి చేసినామె మెట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను తిడతారనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. మా అమ్మ మాత్రం గల్లీ మొదట్లో, ఆ దంపతులు వెళ్ళిన రోజు టాక్సీ ఆగిన చోటును చూస్తూ నిలబడింది.

"గంత ఎండల నిలబడ్డది గదరా గా పిల్ల" అంది. "లోపటికి రా బిడ్డా అని ఒక్కలం గూడ పిలువకపోతిమి."